తెరచాప పడవలో కోరంగి చరిత్ర చూడాలంటే ఎట్లా?

కర్నూలు నుంచి: మాది కర్నూలు, సముద్రం చూసింది రెండుసార్లే. మా తాత బర్మాకు కూలికి పోయినోళ్ల గురించి చెప్పేవాడు, వాళ్లు కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కేవాళ్లని, అందుకే బర్మాలో తెలుగోళ్లను కోరంగీలని పిలిచేవాళ్లని. తెరచాప పడవలో ఆ రేవంతా తిరగాలని చాలా రోజులుగా కోరిక. కుదురుతుందా?

తాళ్లరేవు నుంచి: ఇప్పుడు తెరచాపవి అరుదండి, ఎక్కువ ఇంజన్ బోట్లే. కానీ తప్పకుండా రండి. మా దగ్గర చెక్క ఓడలు కట్టేవారు, 1839 నవంబరు ఉప్పెనలో కోరంగి కొట్టుకుపోయాక ఆ రేవు మళ్లీ పాత వైభవానికి రాలేదు. మడ అడవి కాలువలో వెళ్తుంటే నీరు తీసిన వేళ బురదలోంచి వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొని కనిపిస్తాయి, ఇంజన్ ఆపమనండి, అప్పుడే ఆ చోటు అర్థమవుతుంది. ఊళ్లో ఓడలు నడిపిన పెద్ద సరంగులు ఎవరైనా ఉంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి, బోటు తర్వాత. యానాం కూడా పక్కనే, 1954 దాకా ఫ్రెంచివాళ్లదే.

నంద్యాల నుంచి: అన్నా, వెళ్లేముందు తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట కూడా చూడు. అక్కడ మొదలయ్యే మన కె.సి. (కర్నూలు-కడప) కాలువను 1863లో మొదలుపెట్టింది సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా. మన పిల్లలకు ఇది ఎవరూ చెప్పరు, నాకదే బాధ.

కర్నూలు నుంచి: సుంకేసుల ఈ ఆదివారమే పోతా. కోరంగికి ఏ నెలలో రావాలండీ? తుఫాన్ల టెన్షన్ ఉంది.

తాళ్లరేవు నుంచి: అక్టోబరు, నవంబరు వద్దండి. జనవరిలో రండి.