అమెరికాలో లాయర్ కావాలంటే ఎల్‌ఎల్‌ఎమ్మా, జేడీయా?

గుంటూరు_జూనియర్:
అందరికీ నమస్కారం. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేశాను. ఎన్‌రోల్ అయి గుంటూరు కోర్టులో ఒక సీనియర్ గారి దగ్గర ఉన్నాను, ఎక్కువగా సివిల్ దావాలే. అమెరికా వెళ్లి అక్కడే ప్రాక్టీసు పెట్టాలని ఉంది. కన్సల్టెన్సీ వాళ్లేమో లండన్‌లో ఎల్‌ఎల్‌ఎం (ఎల్‌ఎల్‌బీ తర్వాత చేసే ఏడాది మాస్టర్స్) చేయండి, తక్కువలో అయిపోతుంది, తర్వాత ఎక్కడికైనా వెళ్లొచ్చు అంటున్నారు. మా బావ జేడీ (అమెరికాలో లాయర్లు చేసే మూడేళ్ల లా డిగ్రీ) చేస్తేనే ఉద్యోగం అంటాడు. నాన్న పొలం తాకట్టు పెడతానంటున్నారు, అదే టెన్షన్.

విశాఖ_టు_జెర్సీ:
తమ్ముడూ, నేనూ విశాఖలో ఎల్‌ఎల్‌బీ చేసినదాన్నే. ఇక్కడ ఎల్‌ఎల్‌ఎం చేసి న్యూయార్క్ బార్ పరీక్ష, అంటే లాయర్ లైసెన్సు కోసం రాసేది, పాసయ్యాను.

లండన్ ఎల్‌ఎల్‌ఎంతో ఇక్కడి లైసెన్సుకి ఒరిగేదేమీ లేదు. ఆ మాటకొస్తే అక్కడ సొలిసిటర్ (లాయర్) కావాలన్నా ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్షలే రాయాలి. ఇక అమెరికాలో లైసెన్సు ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే, కాబట్టి ముందు రాష్ట్రం తేల్చుకో.

న్యూయార్క్ అయితే ఫీజు కట్టకముందే బార్ ఎగ్జామినర్ల బోర్డుకి నీ చదువు వివరాలు పంపి అర్హత అడుగు. మనలా కామన్ లా ఉన్న దేశాల వాళ్లలో కొందరికి ఎల్‌ఎల్‌ఎం లేకుండానే పరీక్ష రాయనిస్తారు. మార్కుల జాబితా మాత్రం యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి. దాని కోసం మా నాన్న పరీక్షల విభాగం చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు. 'మీ అమ్మాయి మార్కులు మీకిస్తాం గానీ, అమెరికాకి మేమెందుకు పంపాలండీ' అన్నాడట అక్కడి గుమస్తా!

ఎల్‌ఎల్‌ఎం కావాల్సిందే అంటే, అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తించిన లా స్కూల్లోనే చెయ్యి. ఆన్‌లైన్ కాదు, క్లాసులో కూర్చుని కనీసం 24 క్రెడిట్లు. వాటిలో లీగల్ రైటింగ్ 2, వృత్తి నియమాలు 2, అమెరికన్ న్యాయవ్యవస్థ 2, బార్ పరీక్షలో వచ్చే సబ్జెక్టులు 6 ఉండి తీరాలి. మా బ్యాచ్‌లో ఒకాయన మొదటి సెమిస్టరంతా స్పేస్ లా లాంటివి తీసుకుని, రెండో సెమిస్టర్లో బార్ సబ్జెక్టు అయిన ఎవిడెన్స్ క్లాసులో సీటు కోసం పరుగులు పెట్టాడు.

డల్లాస్_జేడీ:
మేడం గారు లైసెన్సు సంగతి చెప్పారు, నేను ఉద్యోగం సంగతి చెప్తా. పెద్ద ఫర్ములు ఎక్కువగా జేడీ విద్యార్థుల్నే, అదీ చదువు మధ్యలో సమ్మర్ ఉద్యోగాల నుంచే తీసుకుంటాయి. ఏడాది ఎల్‌ఎల్‌ఎంలో ఆ వేసవే ఉండదు. జేడీ అంటే మూడేళ్ల ఫీజు, నిజమే. కానీ బయట ఎల్‌ఎల్‌బీ చేసినవాళ్లకి కొన్ని స్కూళ్లు రెండేళ్లలోనే ఇస్తాయి. మీ బావ మాట కొట్టిపారేయకండి.

గుంటూరు_జూనియర్:
థాంక్యూ అక్కా, థాంక్యూ సార్. ఇండియాలో ఎన్‌రోల్ అయినవాళ్లు కాలిఫోర్నియా బార్ ఎల్‌ఎల్‌ఎం లేకుండానే రాయొచ్చట కదా? అప్పు చేయకుండా అదే రాసేస్తే?

విశాఖ_టు_జెర్సీ:
రాయొచ్చు. కానీ లైసెన్సు వచ్చినంత మాత్రాన వీసా రాదు తమ్ముడూ. ఇక్కడ చదివినవాళ్లకైతే ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) కింద ఏడాది పనిచేసే వీలుంటుంది. ఇంజినీర్లలా ఇంకో రెండేళ్లు పొడిగించరు, ఆ ఏడాదిలోనే హెచ్‌1బీ వర్క్ వీసాకి దరఖాస్తు వేసే యజమానిని వెతుక్కోవాలి. గుంటూరులో కూర్చుని బార్ పాసైతే ఆ ఏడాది కూడా ఉండదు.