ఒకోయీ నదికి కయాకింగ్: డ్యామ్ నీళ్లు వదిలే టైమ్‌కి ప్లాన్ ఎలా వేసుకోవాలి?

కమ్మింగ్_కుర్రాడు:
అందరికీ నమస్కారం. జూలైలో ఒక శనివారం టెన్నెసీలోని ఒకోయీ నదికి వెళ్దామని మా అట్లాంటా బ్యాచ్ అనుకుంటున్నాం. నలుగురం. ఇద్దరికి సొంత కయాక్‌లున్నాయి, చట్టహూచీ నది మీద తిప్పుతుంటాం. మిగతా ఇద్దరూ రాఫ్ట్ ఎక్కుతామంటున్నారు. అక్కడ నది అన్నివేళలా పారదట, డ్యామ్ నుంచి వదిలిన గంటల్లోనే నీళ్లుంటాయట కదా? ఆ టైమ్ ఎక్కడ చూసుకోవాలి? మనం ఎన్నింటికల్లా అక్కడ ఉండాలి? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

తెడ్డు:
మీరు విన్నది నిజమే. నది మధ్య భాగాన్ని మిడిల్ ఒకోయీ అంటారు, అది మొదలయ్యే చోట ఒకోయీ నంబర్ 2 అనే డ్యామ్ ఉంది, 1913 నాటిది. అక్కడి నీళ్లను కొండ పక్కన కట్టిన చెక్క కాలువలోకి మళ్లిస్తారు. అది నాలుగున్నర మైళ్లకు పైగా పోయి, చివర 250 అడుగుల కిందున్న పవర్‌హౌస్‌లోకి నీళ్లు దింపుతుంది. ఆ మేరకు నదిలో రాళ్లూ మడుగులే మిగులుతాయి. హైవే 64 మీద మంగళవారం పోతే చూడండి, ఇందులో పడవ ఎలా నడుస్తుందిరా బాబూ అనిపిస్తుంది.

1976లో కాలువ పాడైపోయి రిపేరుకు ఆపేశారు. నీళ్లు నదిలోకే వదలాల్సొచ్చింది. ఆ ఏడేళ్లలో కయాకర్లు వచ్చారు, రాఫ్టింగ్ కంపెనీలు పుట్టుకొచ్చాయి. కాలువ బాగయ్యాక, ఆ డ్యామ్ నడిపే టీవీఏ (టెన్నెసీ వ్యాలీ అథారిటీ) మళ్లీ నీళ్లు మళ్లిస్తామనేసరికి పెద్ద గొడవైంది. చివరికి అమెరికా కాంగ్రెస్ 74 లక్షల డాలర్లు మంజూరు చేసింది, నదిలోకి వదిలితే కరెంటుకు వచ్చే నష్టం పూడ్చడానికి. రాఫ్ట్ టికెట్‌లోంచి తలకింత అని ఆ డబ్బు తిరిగి రాబట్టేలా ఒప్పందం. మనం తెడ్డేసే ప్రతి గంటా ఎవరో డబ్బు కట్టిన గంటే, అందుకే గేట్లు చెప్పిన టైమ్‌కి దిగిపోతాయి. ఎవరి కోసమూ ఆగవు.

టైమ్ టీవీఏ సైట్‌లో, వాళ్ల యాప్‌లో ఉంటుంది. ప్రతి డ్యామ్‌కీ తేదీ, గంటలు విడివిడిగా ఇస్తారు. ఎండాకాలంలో మిడిల్ మామూలుగా మంగళ, బుధ తప్ప మిగతా రోజులు నడుస్తుంది, ముందూ వెనకా నెలల్లో వీకెండ్లే. వారం ముందు ఒకసారి చూడండి, బయల్దేరే రోజు పొద్దున్నే ఇంకోసారి చూడండి.

నాష్‌విల్_నాని:
అన్నా, ఒక్క మాట. మీరు అట్లాంటా కాబట్టి మీకు తేడా లేదు కానీ, నాష్‌విల్, హంట్స్‌విల్ నుంచి వచ్చేవాళ్లు జాగ్రత్త. మాది సెంట్రల్ టైమ్, ఒకోయీ ఈస్టర్న్. టెన్నెసీలోనే ఉంది కదా అని మన గడియారం ప్రకారం ప్లాన్ వేసుకుంటే ఒక గంట నీళ్లు గోవిందా. మా వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు రూల్ పెట్టాం: ఏ టైమ్ రాసినా పక్కన 'ఈస్టర్న్' అని రాయాల్సిందే.

బెజవాడ_బ్యాచ్:
ఎన్ని క్యూసెక్కులు వదులుతారు?

తెడ్డు:
మిడిల్‌కి దాదాపు 1200 నుంచి 1300.

బెజవాడ_బ్యాచ్:
😂 అంతేనా? 2024 సెప్టెంబరులో మా ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షలకు పైగా పోయాయి. ఈ 1300 మాకు కాలువకి వదిలే నీళ్లండీ. దీనికి హెల్మెట్టా?

తెడ్డు:
హెల్మెట్టే బాబూ, గట్టిది. క్యూసెక్కులు చూసి నదిని అంచనా వెయ్యకూడదు. బ్యారేజీ దిగువన కృష్ణ దాదాపు చదునుగా, మైలు వెడల్పున పారుతుంది. ఇక్కడ అయిదు మైళ్లలో రమారమి 250 అడుగులు దిగుతాం, అదీ ఇరుకు లోయలో, బండల మధ్య. పైగా లోతు తక్కువ. బోల్తా పడ్డామంటే తల కింద నీళ్లకన్నా ముందు రాయి ఉంటుంది. అందుకే ఇక్కడ నేర్పేవాళ్లు మొదటి రోజే చెప్తారు: పడవ తిరగబడగానే వెనక్కి వాలకండి, ముందుకు ముడుచుకుని నుదురు డెక్‌కి ఆనించండి, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టండి. ఆ ముడుచుకున్న భంగిమలోంచే రోల్, అంటే పడవలోంచి బయటికి రాకుండానే దాన్ని మళ్లీ నిలబెట్టడం, మొదలవ్వాలి.

గోదారోడు:
కుర్రాడు గారూ, అసలు సంగతి అడగనే లేదు. మీ ఇద్దరికీ రోల్ వచ్చా? చట్టహూచీ అంటే మెట్రో వైపు నిదానంగా పోయే నీళ్లేనా? మీ కయాక్ పొడవెంత, స్ప్రే స్కర్ట్ (పడవలోకి నీళ్లు రాకుండా నడుము చుట్టూ కప్పేది) ఉందా?

కమ్మింగ్_కుర్రాడు:
రోల్ స్విమ్మింగ్ పూల్‌లో వస్తుంది అన్నా, నదిలో ఎప్పుడూ అవసరం పడలేదు. కయాక్‌లు పదడుగులవి, సిట్-ఇన్‌సైడ్. స్కర్ట్ లేదు.

గోదారోడు:
అయితే ఆ పడవల్ని ఒకోయీకి తీసుకెళ్లొద్దు. అవి చెరువుకి, నిదానం నదికి చేసినవి. మొదటి రాపిడ్‌లోనే (నీళ్లు రాళ్ల మధ్య ఉరికే చోటు) నిండిపోతాయి, నీళ్లు నిండిన పదడుగుల పడవని రాళ్లలోంచి లాగడం నలుగురి వల్ల కూడా కాదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. చాలా నదుల్లో మొదటి అరమైలు చేతులు ఆడించుకోవడానికి వీలుంటుంది. ఒకోయీలో ఆ అవకాశం లేదు. డ్యామ్ పక్కన ర్యాంప్ దిగీ దిగగానే గ్రంపీస్ అనే రాపిడ్. నీళ్లు చల్లగా మొహాన కొట్టేలోపే మెట్లు మెట్లుగా అలలు. దాన్ని దాటాక కూడా ఊపిరి పీల్చుకునేలోపే బ్రోకెన్ నోస్, తర్వాత డబుల్ సక్, టేబుల్ సా, చివర పవర్‌హౌస్ దగ్గర హెల్ హోల్. పేర్లు చూసి భయపడక్కర్లేదు కానీ, పేర్లు ఊరికే రాలేదు. కష్టాన్ని బట్టి ఒకటి నుంచి ఆరు దాకా క్లాసులు ఇస్తారు, ఇది క్లాస్ త్రీ, అక్కడక్కడా ఫోర్.

నా మాట వింటే ముందు నాంటహాలా నది చెయ్యండి. నార్త్ కరోలినాలో, మీకు మూడు గంటల డ్రైవ్. అదీ డ్యామ్ నీళ్లే, అక్కడ విడుదల డ్యూక్ ఎనర్జీది. ఎనిమిది మైళ్లు, ఎక్కువగా క్లాస్ టూ, చివర్లో మాత్రం నాంటహాలా ఫాల్స్ అని ఒక త్రీ. ఎడ్డీలోకి (బండ వెనక నీళ్లు నిదానించే చోటు) ఎలా తిరగాలో, ఎడ్డీలోంచి ప్రవాహంలోకి ఎలా రావాలో అక్కడ తిరిగి తిరిగి నేర్చుకోవచ్చు. ఒకటే ఇబ్బంది: నీళ్లు రిజర్వాయర్ అడుగు నుంచి వస్తాయి, జూలైలో కూడా ఐస్ బకెట్‌లో చెయ్యి పెట్టినట్టుంటుంది. వెట్‌సూట్ లేకుండా దిగితే రెండోసారి బోల్తా పడ్డాక వేళ్లు స్కర్ట్ ఊడదీసే లూప్‌ని పట్టుకోవు.

అక్క_ఆష్‌బర్న్:
గోదారోడు చెప్పింది అక్షరాలా నిజం. మేము వర్జీనియా వాళ్లం, మాకు దగ్గర్లోది వెస్ట్ వర్జీనియాలో గాలీ నది. అక్కడా సమ్మర్స్‌విల్ డ్యామ్ వదిలితేనే. సెప్టెంబరు మొదట్లోని లేబర్ డే తర్వాత వచ్చే వీకెండ్ల నుంచి అక్టోబరు దాకా, ఎక్కువగా శుక్రవారం నుంచి సోమవారం వరకు. ఎలాగూ చలికాలానికి ముందు రిజర్వాయర్ మట్టం దించాలి కదా, ఆ నీళ్లనే బోటింగ్‌కి పనికొచ్చేలా వదలాలని 1986లో చట్టమే చేశారు. 2800 క్యూసెక్కుల దాకా వస్తాయి. అప్పర్ గాలీ క్లాస్ ఫైవ్, మా ఆయన చేస్తారు, నేను ఒడ్డున నిలబడి తిడుతుంటాను.

నేను చెప్పొచ్చేది హోటళ్ల సంగతి. రిలీజ్ వీకెండ్ అంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ నిండిపోతాయి. ఒకోయీ అంత కాదులే కానీ, జులై నాలుగు దగ్గర శనివారమైతే రాఫ్ట్ బుకింగ్ ఇప్పుడే చేసేయండి. పిల్లలుంటే గుర్తుపెట్టుకోండి, ఒకోయీలో రాఫ్ట్ ఎక్కాలంటే 12 ఏళ్లు నిండాలి. అది కంపెనీ పాలసీ కాదు, రాష్ట్ర చట్టం. బతిమాలినా ఎక్కించుకోరు.

విశాఖ_అమ్మాయి:
మధ్యలో వస్తున్నాను, సారీ. ఈ థ్రెడ్ చదువుతుంటే నాకు టెన్షన్‌గా ఉంది. 'డ్యామ్ నుంచి నీళ్లు వదులుతారు' అనే మాట మా ఇంట్లో వినలేరు. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయింది మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలే కదా, 24 మంది. లార్జీ డ్యామ్ నుంచి హఠాత్తుగా నీళ్లు వదిలారు, వాళ్లు నది మధ్య రాళ్ల మీద ఫొటోలు దిగుతున్నారు. మా అమ్మకి నేను రాఫ్టింగ్ అనే మాట కూడా చెప్పను. మీరంతా ఏ ధైర్యంతో వెళ్తున్నారు?

తెడ్డు:
అమ్మాయ్, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. ఆ వార్త మేమెవరం మర్చిపోలేదు.

బియాస్‌లో నీళ్లు వస్తాయని ఆ పిల్లలకి తెలియదు. ఒకోయీకి వెళ్లేవాళ్లు నీళ్ల కోసమే వెళ్తారు, ఏ గంటకి వస్తాయో, ఎన్ని వస్తాయో ముందే తెలుసు, పడవ, లైఫ్ జాకెట్, హెల్మెట్ సిద్ధంగా పెట్టుకుంటారు. కానీ అదే ఒకోయీలో రిలీజ్ లేని రోజు ఎండిన నదిలో దిగి బండల మీద కూర్చుంటే ప్రమాదం అలాంటిదే. కాలువ, పవర్‌హౌస్‌లో ఏదైనా ఆగితే నీళ్లు నదిలోకే రావాలి, దానికి కేలెండర్ ఉండదు. డ్యాముల దిగువన సైరన్లు, హెచ్చరిక బోర్డులు ఉంటాయి. అవి మోగాక చూద్దాంలే అనుకోకూడదు.

కుర్రాడు గారూ, ఇది మీ రాఫ్ట్ వాళ్లకి కూడా చెప్పండి. నీళ్లు రాకముందు సరదాగా నది మధ్యకి నడిచి సెల్ఫీలు వద్దు. ఒకోయీలో గేట్లు తెరిచాక ముందు ఆకులు, నురగ మోసుకుంటూ సన్నటి ధార వస్తుంది, చూడ్డానికి ఏమీ అనిపించదు. కాసేపట్లో మీరు నడిచొచ్చిన దారి కనబడదు.

నీళ్లలో పడితే ఇంకో సంగతి: నిలబడే ప్రయత్నం చెయ్యొద్దు. మోకాలి లోతే కదా అనిపిస్తుంది. పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకి, దిగువకి చాపి తేలాలి. నీళ్లు నెమ్మదించాకే లేవాలి.

విశాఖ_అమ్మాయి:
థాంక్స్ అండీ. అమ్మకి ఇప్పటికీ చెప్పను కానీ, నాంటహాలా రాఫ్ట్ ఆలోచిస్తాను.

కమ్మింగ్_కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. ప్లాన్ మారింది. జూలైలో ఒకోయీకి వెళ్తాం కానీ నలుగురమూ రాఫ్ట్‌లోనే. కయాక్ కోసం ముందు నాంటహాలాలో క్లాసు. ఇంకో డౌట్: రిలీజ్ మొదలవగానే దిగాలా, మధ్యాహ్నం దిగాలా? తర్వాత మేం కయాక్‌తో వెళ్లినప్పటికైనా పనికొస్తుంది.

గోదారోడు:
కయాక్‌తో అయితే మొదటి గంట వద్దు. పొద్దున్న రాఫ్టుల వరస ర్యాంప్ మీద రోడ్డు దాకా ఉంటుంది. వాళ్ల పనికి అడ్డు రాకుండా పడవ ఎత్తుకుని పక్కగా దిగాలి. ర్యాంప్ మీద కారు ఆపి స్కర్ట్ వేసుకుంటూ కూర్చుంటే తిట్లు తినక తప్పదు. సామాను దింపి కారు తీసేయండి, బట్టలు ముందే మార్చుకుని రండి.

ఆఖరి గంట కూడా వద్దు. పైన గేట్లు దించగానే నదిలో నీళ్లన్నీ ఒకేసారి పోవు, తోకలా కిందికి జరుగుతూ పోతాయి. ఆగకుండా పోతే ఆ తోకకి ముందే ఉంటారు. ప్రతి అల దగ్గరా ఆగి సర్ఫ్ చేస్తూ, బోల్తా పడ్డవాళ్ల తెడ్డు వెతుకుతూ కూర్చుంటే అది మిమ్మల్ని దాటిపోతుంది. ఆ తర్వాత మిగిలేది పడవ భుజాన వేసుకుని హైవే ఎక్కడమే. కొత్తవాళ్లు గ్రూపులో ఉంటే గేట్లు దిగే టైమ్‌కి కనీసం మూడు గంటల ముందు దిగండి.

షటిల్ (కింద నుంచి మళ్లీ పైకి రావడం) కోసం రెండు కార్లు. టేకౌట్ దగ్గర, అంటే నదిలోంచి బయటికొచ్చే చోట, వదిలిన కారు తాళం మీ లైఫ్ జాకెట్ జేబులో, జిప్ వేసి. పైన కారులో మర్చిపోతే తడి బట్టలతో హైవే పక్కన నిలబడి లిఫ్ట్ అడగడమే.

నాష్‌విల్_నాని:
కొన్ని వీకెండ్లలో అప్పర్ (నది ఎగువ భాగం)లో కూడా వదులుతారు, నంబర్ 3 డ్యామ్ నుంచి. 1996 అట్లాంటా ఒలింపిక్స్ స్లాలమ్ పడవ పోటీలు జరిగింది అక్కడే. వాటి కోసం నదిని బండలు పేర్చి ఇరుకు చేశారు. అక్కడి విజిటర్ సెంటర్ భవనం 2022 ఏప్రిల్‌లో కాలిపోయింది, పాత బ్లాగులు చదివి అక్కడ బాత్‌రూములుంటాయని వెళ్లకండి. అప్పర్ రోజు చూసి రాఫ్ట్ బుక్ చేసుకుంటే రెండూ ఒకే రోజు చెయ్యొచ్చు, మధ్యలో లంచ్. సాయంత్రానికి భుజాలు లేవవు.

ఉప్పల్_వాసి:
అన్నా, మాకు హైదరాబాద్ నుంచి ఇలాంటిది ఏదైనా ఉందా?

అక్క_ఆష్‌బర్న్:
మహారాష్ట్రలో కోలాడ్ చూడు తమ్ముడూ, కుండలికా నది. భీరా జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు తీశాక పొద్దున్న వదిలే నీళ్ల మీదే అక్కడ రాఫ్టింగ్ నడుస్తుంది. అందుకే బ్యాచ్‌లు పొద్దున్నే పోతాయి. లేటుగా లేచేవాళ్లని తీసుకెళ్లకు. బుక్ చేసేముందు ఆ రోజు నీళ్లున్నాయా అని ఫోన్ చేసి అడుగు.

కమ్మింగ్_కుర్రాడు:
అప్పర్, మిడిల్ రెండూ ఉన్న శనివారమే చూసి బుక్ చేశాను. మా కారులో ఒక సీటు ఖాళీ ఉంది, జాన్స్ క్రీక్ వైపు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. పొద్దున అయిదింటికి బయల్దేరతాం, ఈస్టర్న్ టైమ్.