నీళ్ల ట్యాంకు గోడలో టై రాడ్: లాగేయాలా, లోపలే వదిలేయాలా?

సైటు_చూసేవాడు:
3 మీటర్ల ఎత్తు ఆర్‌సీసీ ట్యాంకు గోడ పోయాలి. పీవీసీ పైపులో టై రాడ్ (రెండు వైపుల షట్టర్లు, అంటే పోత అచ్చు పలకలు, విడిపోకుండా పట్టి ఉంచే ఉక్కు కడ్డీ) దూర్చి, పోత గట్టిపడ్డాక రాడ్ లాగేసి, బొక్కలు గ్రౌట్‌తో (పల్చటి సిమెంటు ముద్దతో) పూడుస్తామని షట్టరింగ్ మేస్త్రి అంటున్నాడు. డిజైన్ చేసినాయన ససేమిరా అంటున్నారు. గోడలోనే ఉండిపోయే వాటర్‌స్టాప్ టై కావాలట, దానికి ఖర్చు ఎక్కువ. మీరేమంటారు?

సెంట్రింగ్_అన్న:
పైపే వాడండి. రాడ్ మళ్లీ మళ్లీ పనికొస్తుంది. నట్లు బిగించినప్పుడు షట్టర్లు లోపలికి జరగకుండా గోడ మందాన్ని కాపాడేదీ ఆ పైపే. గ్రౌట్ శ్రద్ధగా కొడితే చుక్క కారదు.

లీకేజీ_డాక్టర్:
మామూలు గోడకైతే అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ట్యాంకుకి మాత్రం ఒప్పుకోను. అందరూ పైపు లోపలే చూస్తారు, నీళ్లు వచ్చేది పైపు బయటి అంచు వెంబడి. పీవీసీ నునుపు, కాంక్రీటు దాన్ని పట్టుకోదు. గ్రౌట్ ఎంత బాగా కొట్టినా ఆ సన్నని సందు అలాగే ఉంటుంది.

వాటర్‌స్టాప్ టైకి నడుమ ఒక బిళ్లో రబ్బరు రింగో ఉంటుంది, రాడ్ వెంట పాకే నీళ్లకు అదే అడ్డు. రెండు కొసల్లో ఉండే కోన్లు తీసేసి ఆ గుంటలు మోర్టార్‌తో నింపితే ఇనుము కొస గోడ లోపలే ఉండి తుప్పు పట్టదు. ఆ బిళ్లను సైటులో వెల్డింగ్ చేద్దామనుకోకండి. టై రాడ్లు గట్టి ఉక్కువి, వెల్డింగ్ వేడికి పెళుసెక్కి లోడు పడగానే పుటుక్కుమంటాయి. ఫ్యాక్టరీలో తయారైనవే కొనండి.

కొత్త_కాంట్రాక్టర్:
ఇంత గొడవ దేనికి? బైండింగ్ వైరు నాలుగు పేటలు మెలేస్తే సరిపోదా?

లీకేజీ_డాక్టర్:
లెక్క మీరే చూడండి. పచ్చి కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2400 కిలోలు. 3 మీటర్లూ గబగబా పోస్తే అడుగున చదరపు మీటరుకు 7.2 టన్నుల దాకా ఒత్తిడి. టైలు అడ్డంగా, నిలువుగా 60 సెంటీమీటర్లకొకటి ఉంటే అడుగున ఒక్కో దాని మీద దాదాపు 2.6 టన్నులు. వైరు సాగుతుంది, గోడ ఉబ్బుతుంది. ఒకటి తెగితే దాని బరువు పక్కవాటి మీద పడి వరసగా తెగుతూ పోతాయి.

సైటు_చూసేవాడు:
మెల్లగా పోస్తే ఒత్తిడి తగ్గదా?

సెంట్రింగ్_అన్న:
తగ్గుతుంది తమ్ముడూ, పైన పోసేలోపు కింది పొర బిగుసుకోవడం మొదలుపెడుతుంది కాబట్టి. చల్లటి రోజైనా, మిక్స్‌లో రిటార్డర్ (కాంక్రీటు బిగుసుకోవడం ఆలస్యం చేసే మందు) ఉన్నా ఆ ధీమా వద్దు. వైబ్రేటర్ మరీ లోతుకి దింపినా బిగుసుకుంటున్నది మళ్లీ జావవుతుంది. అలాగని మరీ నిదానిస్తే కోల్డ్ జాయింట్ (బిగుసుకున్న పొరకీ కొత్త పొరకీ మధ్య అతకని గీత) పడుతుంది, ట్యాంకుకి అదో కొత్త లీకు.

పైపు అంచు సంగతి డాక్టర్ గారు చెప్పింది కాదనను. రాడ్ తిరిగి కావాలంటే పీవీసీ బదులు ఫైబర్ సిమెంటు గొట్టం వేసి, పోత అయ్యాక రెండు వైపులా బిరడాలు అతికిస్తారు. గరుకుగా ఉంటుంది, కాంక్రీటు పట్టుకుంటుంది.

లీకేజీ_డాక్టర్:
దానికి అభ్యంతరం లేదు. బిరడా నీళ్ల వైపుది ముందు అతికించమనండి, గొట్టం లోపల తడి, దుమ్ము లేకుండా.

సైటు_చూసేవాడు:
సరే, రెండింటికీ కొటేషన్లు తెప్పిస్తా. అడుగు రెండు వరసల్లో టైలు ఇంకా దగ్గరగా వేయించాలనుకుంటున్నా, డిజైన్ చేసినాయన్ని అడిగి చెబుతా.