జాతిహననమా, మారణహోమమా? 1915 గురించి రాసేటప్పుడు ఏ మాట?

ప్రశ్న: 1915లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో (నేటి టర్కీకి ముందున్న సామ్రాజ్యం) ఆర్మీనియన్లను పెద్దఎత్తున చంపిన విషయంలో ‘జెనోసైడ్’ అన్న మాటకు మన పత్రికల్లో ఊచకోత, మారణహోమం, నరమేధం, జాతిహననం అన్నీ కనిపిస్తాయి. ఏది రాసినా ఒకటేనా?

జవాబు: ఒకటి కాదండీ. 1944లో న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్ పుట్టించిన ఈ మాటకు 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఒప్పందం చట్టపరమైన అర్థం ఇచ్చింది. ఒక జాతీయ, తెగ, వర్ణ (రేస్) లేదా మత సమూహాన్ని పూర్తిగా గానీ కొంత గానీ నాశనం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. శవాల లెక్క ఒక్కటే దాన్ని తేల్చదు. పిల్లల్ని బలవంతంగా వేరే సమూహానికి తరలించడం, పుట్టుకల్ని అడ్డుకోవడం కూడా ఆ ఒప్పందం చెప్పిన చర్యల జాబితాలో ఉన్నాయి. ఊచకోత, మారణహోమం చావుల్ని మాత్రమే చెబుతాయి. జాతిహననంలో చచ్చేది జాతి. అందుకే అదే సరిపోతుంది. నరమేధం, హోమం యజ్ఞం మాటలు. హతుల్ని బలిపశువులుగా, హంతకుణ్ణి యజ్ఞం చేసే యజమానిగా నిలబెట్టే ఆ పోలిక నాకు ససేమిరా నచ్చదు.

ఇంకో జవాబు: ఈ తేడా మీదే దేశాల మధ్య పేచీ నడిచింది కాబట్టి అనువాదంలో దాన్ని చెరిపేయకూడదు. నాటో సైనిక కూటమిలో తోటి సభ్యదేశమైన టర్కీ నొచ్చుకుంటుందని అమెరికా దశాబ్దాలపాటు నీళ్లు నమిలింది. రీగన్ 1981లో ఒక ప్రకటనలో ఆ మాట వాడినా అది విధానంగా నిలవలేదు. గుర్తిస్తానని ఎన్నికల్లో మాటిచ్చిన ఒబామా 2009లో ఆర్మీనియన్ల సొంత మాట ‘మెడ్జ్ యెఘెర్న్’తో సరిపెట్టారు. మహా ఘోరమని దాని అర్థం. పాము చావదు, కర్ర విరగదు. దాన్ని ‘జాతిహననం’ అని తెలుగు చేస్తే ఆయన తప్పించుకున్న మాటను మనమే ఆయన నోట పెట్టినట్టవుతుంది.

మరో జవాబు: తప్పించుకోవడం అనేస్తే సగమే చెప్పినట్టు. 2007 అక్టోబర్‌లో అమెరికా ప్రతినిధుల సభ విదేశాంగ కమిటీ దీన్ని జాతిహననంగా గుర్తించే తీర్మానాన్ని 27–21తో ఆమోదిస్తే టర్కీ తన రాయబారిని వెనక్కి పిలిచింది. అప్పుడు ఇరాక్‌కు వెళ్లే అమెరికా సైనిక విమాన సరకులో 70 శాతం టర్కీ మీదుగానే వెళ్తోందని రక్షణమంత్రి గేట్స్ చెప్పారు. తీర్మానం సభ ముందుకే రాలేదు. యుద్ధంలో ఉన్న సైనికుల సరఫరాను పక్కన పెట్టమనడం తేలిక కాదు.

రెండో జవాబిచ్చినవారు: ఆ భారం నిజమేనండీ, కాదనను. కానీ 2016 జూన్‌లో జర్మనీ పార్లమెంటు అలాంటి తీర్మానమే చేసింది. టర్కీ తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది, తన నేల మీద జర్మన్ సేన ఉన్న ఇంజిర్లిక్ వైమానిక స్థావరానికి జర్మన్ ఎంపీలను రానివ్వలేదు, 2017లో జర్మనీ తన సేనను అక్కడి నుంచి జోర్డాన్‌కు మార్చుకుంది. నష్టం జరిగింది, కానీ భరించదగ్గదే. సైనిక అవసరం ఎప్పుడు మౌనం పాటించాలో చెప్పొచ్చు గానీ, జరిగినదానికి పేరు మార్చే హక్కు దానికి లేదు.

వాడుకలో ఇంకో పొరపాటు ‘గుర్తించింది’ అన్న క్రియ దగ్గర జరుగుతుంది. కర్త ఎవరో చూడాలి. 2019లో ప్రతినిధుల సభ 405–11తో, తర్వాత సెనేట్ ఏకగ్రీవంగా తీర్మానించాయి. అవి సభల అభిప్రాయాలు. ప్రభుత్వ వైఖరి మారలేదని విదేశాంగ శాఖ వెంటనే చెప్పింది. కాబట్టి 2019కి ‘అమెరికా గుర్తించింది’ తప్పు, ‘కాంగ్రెస్ తీర్మానించింది’ ఒప్పు. 2021 ఏప్రిల్ 24న బైడెన్ ప్రకటనకైతే ‘అమెరికా ప్రభుత్వం గుర్తించింది’ అనొచ్చు. ఫ్రాన్స్‌ది వేరు, 2001లో ఏకంగా చట్టమే చేసింది.

ప్రశ్న అడిగినవారు: బైడెన్ వాక్యంలో ‘ఒట్టోమన్ కాలపు ఆర్మీనియన్ జాతిహననం’ అని ఉంది కదా, అందులో ‘ఒట్టోమన్ కాలపు’ అన్న విశేషణం వదిలేస్తే?

జవాబు: వదలకండి. నేరాన్ని నేటి టర్కీ మీద మోపకుండా పాత సామ్రాజ్యం మీద ఉంచడానికి కావాలని పెట్టిన మాట అది. ఆ ప్రకటనలో ఊరి పేరు కూడా నేటి ఇస్తాంబుల్ అనకుండా, నాటి పేరుతో కాన్‌స్టాంటినోపుల్ అన్నారు. తెలుగులోనూ అలాగే ఉంచాలి.