వార్డుల విభజన సాకుతో కార్పొరేషన్ ఎన్నిక ఆగితే హైకోర్టులో ఏం అడగాలి?

రాజ్యాంగ వ్యాజ్యాలు నడిపినవారు దయచేసి చెప్పండి. విశాఖ కార్పొరేషన్ మీద హైకోర్టులో వేసే రిట్ పిటిషన్ ముసాయిదా రాస్తున్నాం.

రాజ్యాంగం ఆర్టికల్ 243యూ ప్రకారం కౌన్సిల్ గడువు తొలి సమావేశం నుంచి అయిదేళ్లే. ఆలోపే ఎన్నిక పూర్తి కావాలి. 98 వార్డుల ఈ నగరానికి 2012 నుంచి 2021 దాకా కార్పొరేటరే లేడు. వీధి కాలువ పొంగితే ఏ గుమ్మం ఎక్కాలో తెలియని తొమ్మిదేళ్లవి. మళ్లీ ఆ స్థితి రాకూడదు.

చిక్కంతా ఆర్టికల్ 243జెడ్‌జీ దగ్గరే. శాసనసభ చేసిన వార్డుల విభజన చట్టం చెల్లుబాటును కోర్టులో ప్రశ్నించకూడదని అందులో ఉంది. కాబట్టి ఆ చట్టాన్ని కొట్టేయమంటే పిటిషన్ విచారణకే నిలవదు. దాని జోలికి పోకుండా, పాత వార్డులతోనైనా గడువులోగా ఎన్నిక పెట్టమని మాండమస్ (అధికారులు తమ విధి చేయాలనే కోర్టు ఆదేశం) అడగడమే మేలనిపిస్తోంది. కిషన్ సింగ్ తోమర్ (2006), సురేశ్ మహాజన్ (2022) తీర్పులు అందుకు బలం. విభజన గానీ, బీసీ రిజర్వేషన్ల మూడంచెల పరీక్ష (కమిషన్ అధ్యయనం, స్థానిక సంస్థల వారీగా శాతం, మొత్తం రిజర్వేషన్ 50 శాతం దాటకపోవడం) గానీ పూర్తికాలేదని ఎన్నిక ఆపకూడదని సుప్రీంకోర్టు రెండోదాంట్లో తేల్చింది.

ఎన్నికల పిటిషన్ ద్వారా తప్ప ఎన్నికను ప్రశ్నించకూడదంటుంది 243జెడ్‌జీ రెండో భాగం. ఎన్నికల నోటిఫికేషన్‌కు ముందే రిట్ వేస్తే ఆ అడ్డు తప్పుతుందా? రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలం కుదించిన ఆర్డినెన్సును 2020 మే 29న మన హైకోర్టు కొట్టేసింది కదా, శాసనాధికారానికి హద్దుందని చెప్పడానికి ఆ తీర్పు ఇక్కడ పనికొస్తుందా, లేక ఆ వాదన వేరేనా? ప్రతివాదుల్లో రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని ముందు పెట్టాలా, ప్రభుత్వాన్నా?