పాత ఫ్లాటు రీవైరింగు: ఆర్క్ ఫాల్ట్ పరికరాలు పెట్టించాలా?

ప్రశ్న (విశాఖపట్నం, పెదవాల్తేరు నుండి)

1998లో కట్టిన మా ఫ్లాటుకు కొత్తగా వైరింగు చేయిస్తున్నాము. పోయిన నెల పడకగదిలో ఏసీ ప్లగ్గు పాయింటు నల్లగా కమిలి వాసన వచ్చినా, ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడే స్విచ్చు) గానీ ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు లీకైతే పడే స్విచ్చు) గానీ పడలేదు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి, అక్కడ ఆర్క్ ఫాల్ట్ రక్షణ (వైరింగులో నిప్పురవ్వలు లేస్తే కరెంటు ఆపే పరికరం) తప్పనిసరి అని, ఇక్కడా పెట్టించమని అంటున్నాడు. ఎలక్ట్రీషియన్ సర్క్యూట్‌కు రూ. 8,000 చొప్పున ఆరింటికి రూ. 48,000 చెప్పాడు. ఆ ఖర్చుకు తగిన ప్రయోజనం ఉంటుందా?

జవాబు (విశ్రాంత విద్యుత్ ఇంజనీరు, గాజువాక)

మీ అబ్బాయి చెప్పినది నిజమే. అక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 1999 సంచికలో పడకగది ప్లగ్గు పాయింట్లకు ఈ రక్షణను చేర్చి, 2002 జనవరి నుండి వర్తించేలా చేసింది. తరువాతి సంచికలలో మిగిలిన గదులకూ విస్తరించింది. బ్రిటన్ తన వైరింగు నిబంధనల 2022 సవరణలో ఎత్తయిన నివాస భవనాలు, విద్యార్థి వసతి గృహాల వంటి వాటికే తప్పనిసరి చేసి, మామూలు ఇళ్లకు సిఫారసుతో సరిపెట్టింది. మన నిబంధనలు ముఖ్యంగా పట్టుబట్టేది ఎర్త్ లీకేజీ రక్షణ కోసం, అంటే ఆర్‌సీసీబీ వంటి వాటి కోసం. దానిని మాత్రం వదలవద్దు.

ఒకటిన్నర టన్నుల ఏసీ తీసుకునేది సుమారు 7, 8 యాంపియర్లు. పాయింటు వద్ద తీగ వదులై నిప్పురవ్వలు లేచినా, ఆ కరెంటు ఏసీ గుండానే పోవాలి కనుక అంతకు మించి పెరగదు. 20 యాంపియర్ల ఎంసీబీకి అది మామూలు వాడకంగానే కనిపిస్తుంది. ఫేజులో వెళ్లినదంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తున్నందున ఆర్‌సీసీబీకీ తేడా తెలియదు. ఆర్క్ ఫాల్ట్ పరికరం ఆ రవ్వల వలన కరెంటులో పుట్టే హైఫ్రీక్వెన్సీ అలజడిని పసిగట్టి సర్క్యూట్‌ను తెంచుతుంది. అయితే రవ్వ లేకుండా, వదులైన చోటు నిదానంగా ఎర్రగా కాగుతూ ఉంటే ఆ అలజడి అంతగా ఉండదు. మీ ప్లగ్గు ఆ విధంగా కమిలి ఉంటే, ఆ పరికరం కూడా పడేదని నేను హామీ ఇవ్వలేను.

జవాబు (వైరింగు కాంట్రాక్టరు, మద్దిలపాలెం)

బీచికి దగ్గరి ఫ్లాట్లలో స్విచ్చుబోర్డు విప్పితే, ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టి, రాగి తీగ కొసలు చిలుము పట్టి కనిపించడం మాకు మామూలే. మొదటి ఖర్చు అక్కడ పెట్టండి. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 20 యాంపియర్ల మెటల్‌క్లాడ్ (లోహపు డబ్బా ఉన్న) సాకెట్టు వేయించి, టెర్మినళ్లను ఏడాదికోసారి బిగించమనండి.

మరొక చిక్కు ఉన్నది. పాత ఫ్లాట్లలో రెండు మూడు సర్క్యూట్లకు ఒకటే న్యూట్రల్ లాగి ఉంటుంది. ఆర్క్ పరికరానికి దేని న్యూట్రల్ దానికి విడిగా రావాలి. గోడలు ఎలాగూ తెరిచి ఉన్నాయి కనుక, పరికరం తరువాత కొన్నా న్యూట్రల్ మాత్రం ఇప్పుడే విడిగా లాగించండి. వంటింటికి అయితే నేను పెట్టను. మిక్సీ మోటారు కార్బన్ బ్రష్షుల వద్ద రవ్వలు సహజం. మంచి పరికరాలు ఆ తేడాను గుర్తించేలానే తయారవుతాయి గానీ, చట్నీ సగంలో ఉండగా కరెంటు పోతే ఇంట్లో జవాబు చెప్పుకోవలసింది మీరే.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. రెండు పడకగదులకు మాత్రమే, రూ. 16,000తో పెట్టిస్తున్నాము. ఆరు సర్క్యూట్లకూ న్యూట్రల్ విడిగా లాగమని ఈ ఉదయమే ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను.