సరస్సు మీది మంచు కరుగుతుందా, విరుగుతుందా?

ఫిన్లండ్‌లో చదువుతున్న మా తమ్ముడి కూతురు మొన్న ఒక వీడియో పంపి, "పెదనాన్నా, దీన్ని తెలుగులో ఏమంటాం?" అని అడిగింది. చలికాలమంతా గడ్డకట్టి ఉన్న సరస్సు ఎండకి నల్లబడి, గాలికి ముక్కలై ఒడ్డుకి కొట్టుకొస్తోంది. గాజుల గలగలలా చప్పుడు. "మంచు కరుగుతోందమ్మా" అన్నాను గానీ, ఆ మాట నాకే ఆనలేదు.

మా బరంపురంలో పక్కింటి ఒడియా వాళ్ళకి పొగమంచు కుహుడి, ఆకు మీది మంచు కాకర, గడ్డకడితే బరఫ్. మనకి మూడూ మంచే. పేరుతో నాకు పేచీ లేదు, క్రియతోనే.

కరగడమంటే నెయ్యిలా, మైనంలా. సరస్సు మంచు అలా పోదు. అందులో నిలువు పుల్లల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. వసంతంలో ఎండ ముందు ఆ పుల్లల మధ్య అతుకుల్ని కరిగిస్తుంది. సందుల్లో నీళ్ళు చేరి పైకి నల్లగా కనిపిస్తుంది. మందం ఇంకా ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. నమ్మి కాలు పెడితే దిగబడిపోతాం. గాలి వీస్తే పుల్లలు దేనికది విడిపోతాయి. పాలు విరగడం ఇలాంటిదే కదా! గిన్నెలో పాలు గిన్నెలోనే ఉంటాయి, కలిసి ఉండే గుణం పోతుంది. అందుకే నా ఓటు "మంచు విరిగింది"కి.

ఫిన్లండ్ వాళ్ళ మాట యాయిదెన్‌లాహ్తో, అంటే మంచు వెళ్ళిపోవడం. ఆ దేశపు స్వీడన్ సరిహద్దున పారే టోర్నె నది మీద మంచు ఏ రోజు కదిలిందో 1693 నుంచీ లెక్క ఉంది. ఆ రోజు ఇప్పుడు మునుపటికన్నా ముందే వస్తోంది. అయినా మధ్యలో చలి మళ్ళీ వచ్చిపడుతుంది. దాన్ని తకతల్వి, వెనక చలికాలం, అంటారు. మనకి జ్వరం తిరగబెట్టినట్టు అక్కడ చలి తిరగబెడుతుందన్నమాట. ఈ మాట మాత్రం వెతుక్కోకుండానే దొరికింది.

తర్వాత చేర్చింది: ఇది చదివి "హిమద్రవణం" అనే మాట సూచించినవారికి కృతజ్ఞతలు. కానీ అది పాఠ్యపుస్తకంలో బాగుంటుంది, ఫోన్‌లో పిల్లకి చెప్పలేను. "విరగడమంటే కర్ర విరిగినట్టు ఠక్కున జరగాలి" అన్న అభ్యంతరం గట్టిదే. పాలకి చెల్లిన అర్థం మంచుకీ చెల్లుతుందనే నా నమ్మకం.

గోపాలపూర్ ఒడ్డున చేపలకి ఐసు వేసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎండలో ఉండిపోయిన ఐసు దిమ్మ పుల్లలు పుల్లలుగా విడిపోతే మీరేమంటారు?